సవతుల పెట్టె

జూన్ 3

సెలూన్ ఆయన్ని బతిమాలి ఇంటికి పిలిపించాను. పాపం, కొట్టు వదిలి, సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. మా ఆయన బుద్ధిగా కుర్చీలో కూర్చున్నారు, మెడ చుట్టూ తువ్వాలు కట్టించుకున్నారు. గండం గడిచిందనుకుంటూ ఉండగా, బ్రష్ బుగ్గ దగ్గరకు వచ్చేసరికి తల పక్కకు తిప్పేసుకున్నారు.

"వద్దు బాబూ. నా మొహం జోలికి ఎవరూ రావద్దు," అన్నారు. అరవలేదు, కసరలేదు. తువ్వాలు విప్పి, వణికే చేతులతోనే ఎలాగో మడిచి, అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

అతనికి టీ ఇచ్చి పంపాను. "పెద్దాయన చేయి నిలకడగా ఉన్న రోజుల్లో మా కొట్టు కత్తులకు కూడా ఆయనే సాన పట్టేవారమ్మా," అన్నాడు వెళ్తూ. నాకు తెలియదా ఏమిటి.

అల్లుడు కొనిచ్చిన కరెంటు మిషన్ అట్టపెట్టె కూడా విప్పలేదు. అమ్మాయి ఫోన్ చేసి, నాన్న ఎవరోలా ఉన్నారమ్మా అంటుంది. నిజమే. గడ్డం గీసుకోకుండా టీ ముట్టని మనిషి. లేత్ మిషన్ మీద పనిచేసిన రోజుల్లోనూ, రిటైరయ్యాకా అంతే. పొద్దున్నే అద్దం ముందు నిలబడి మడతకత్తి తెరిచేవారు, నోరు ఓ పక్కకు లాగేవారు, ఆ కోతి వేషాలకు నేను తిట్టేదాన్ని. మొన్న చలికాలంలో చేతికి వణుకు పట్టుకుంది. ఓ రోజు దవడ మీద తెగింది. ఆ రోజు కత్తి మడిచిన మనిషి మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

గడ్డం పెరిగితే పెరిగింది, దాన్ని భరించగలను. నవ్వు పోయింది, అదీ నా బాధ. ఇన్నేళ్లూ నేను తిట్టడం, ఆయన నవ్వడం, అలాగే నడిచింది మా కాపురం. ఇప్పుడు తిడితే గోడను తిట్టినట్టుంది. నా మీద ఏదో కోపం పెట్టుకున్నారు. ఏం చేశానో చెప్పి చావచ్చు కదా.

రాసుకుంటే మనసు తేలికపడుతుందని నా కుట్టుపని కొలతల పుస్తకం వెనకవైపు తిప్పాను. ముందు పేజీల్లో ఊరి జనం నడుములు, వెనక పేజీల్లో నా ఏడుపు.

జూన్ 4

ఈరోజు నేను కూడా మాట్లాడలేదు. ఎవరు ముందు దిగివస్తారో చూద్దాం.

జూన్ 5

నేనే దిగివచ్చాను. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగాను. సరిపోయిందన్నారు.

జూన్ 9

కుట్టుమిషన్ నూనె కోసం మంచం కింద వెతుకుతుంటే ఆయన పెట్టె చేతికి తగిలింది. దీనికి నేను పెట్టిన పేరు సవతుల పెట్టె. ఎక్కడెక్కడి పాత సామాన్ల కొట్లలోనో తుప్పు పట్టి పడున్న క్షవరం కత్తులను ఏరుకొచ్చి, రుద్ది, సాన పట్టి, విరిగిన పిడులు మార్చి, మళ్లీ ప్రాణం పోసేవారు. ప్రతి ఆదివారం ఒక్కోదాన్నీ తీసి నూనె రాసేవారు. "నాకు తలనొప్పి వస్తే ఇంత శ్రద్ధగా నూనె రాశారా?" అని నేను సాధించేదాన్ని. ఆయన పడీపడీ నవ్వేవారు.

ఇవాళ తెరిచి చూస్తే అన్నిటి మీదా ఎర్రటి చుక్కలు. చలికాలం నుంచి నూనె చుక్క తగిలితేగా.

అడుగున గుడ్డలో చుట్టి ఒకటుంది. పిడి లేదు, ఉత్త ఉక్కు రేకే. లేత్ షాపులో అరిగిపోయిన ఉక్కు ఆకురాయిని కాల్చి, సాగగొట్టి, సొంతంగా కత్తి చేస్తున్నానని అప్పట్లో చెప్పింది గుర్తొచ్చింది. దాని పక్కన రెండు సన్నటి చెక్కముక్కలు. అటూ ఇటూ తిప్పి చూశాను. వాటి మీద అంగుళాల గీతలున్నాయి. విరిగిపోయిన నా పాత కొలబద్ద! అది పారేశారని అప్పుడు ఇల్లు పీకి పందిరేశాను. పారేయలేదు, పిడికని దాచుకున్నారు. ఒక్క మాట చెప్పలేదు.

మొత్తానికి ఇవాళ సవతులకు నేనే నూనె రాశాను. నా ఖర్మ. ఆయన కోసం కాదు, తుప్పు చూడలేక. అంతే.

జూన్ 14

నూనెతో తుప్పు పోలేదు. ఎమరీ కాగితం తీసుకుని వసారాలో కూర్చుని రుద్దుతున్నాను. లోపల్నుంచి గొంతు వినపడింది.

"ఏమిటా చప్పుడు?"

"మీ సవతులకు... నా సవతులకు స్నానం."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, "అంచు వైపు రుద్దకు, వేలు పోతుంది. పొడుగ్గా రుద్దు," అన్నారు.

ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఆశపుట్టి, కావాలనే ఇంకాస్త అడ్డదిడ్డంగా రుద్దాను. "పొడుగ్గా అన్నానా?" అన్నారు. బయటకు రాలేదు, చూడలేదు. చప్పుడుతోనే పట్టేశారు.

జూన్ 17

సానరాయి పాఠం మొదలైంది. గురువుగారు లోపల మంచం మీద, శిష్యురాలు వసారాలో. మధ్య గోడ.

రాయి తడపాలి. కత్తిని బల్లపరుపుగా పడుకోబెట్టాలి, వీపూ, వాదరా, అంటే పదునున్న అంచూ, రెండూ రాయికి ఆనాలి. బలం పెట్టకూడదు. సరిగ్గా ఆనితే సన్నగా సుయ్యిమంటుంది, వీపు లేస్తే గరగర. "లేపావు," అంటారు లోపల్నుంచి. దించుతాను. "ఆఁ," అంటారు. మళ్లీ లేస్తుంది. "లేపావు."

"మీరొచ్చి పట్టుకోండి అంత బాధగా ఉంటే," అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన చేత్తో ఇప్పుడు టీ గ్లాసు పట్టుకోవడమే గగనం.

ఆయనేమీ అనుకున్నట్టు లేదు. "రాయి మీద వాదర ముందు నడవాలి. తోలుపట్టీ మీద వీపు ముందు నడవాలి. ఇది తప్పావో, పట్టీ తెగుతుంది. కత్తి తిప్పేటప్పుడు వీపు మీదే తిప్పు," అన్నారు.

నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన చేయి నాది. ఆ మాత్రం తెలియదా అనుకున్నాను.

జూన్ 21

పదును వచ్చింది. ముంజేతి మీద వెంట్రుకలు చెప్పినట్టు రాలుతున్నాయి. ఇక చేయి కుదరాలి. సెలూన్ ఆయన్ని దారిలో అడిగితే, కొత్తవాళ్లు బెలూన్ ఊది, దానికి నురగ పూసి గీస్తారమ్మా అన్నాడు. పగలకుండా గీయగలిగితే మనిషి బుగ్గ మీద గీయొచ్చట.

మొదటిది ఢామ్మంది. మొహమంతా నురగ. రెండోదీ అంతే. మూడోది సగం దాకా వచ్చి పగిలింది.

"ఎవరు పోయారు?" అన్నారు లోపల్నుంచి.

"మీరే. మూడుసార్లు."

నాకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వుతూ ఉంటారని, నురగ మొహంతోనే పరుగెత్తి గుమ్మంలో నిలబడ్డాను. నా వైపే చూస్తున్నారు. మొహంలో ఏమీ లేదు. గడ్డం, దాని పైన రెండు కళ్లు, అంతే. నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

అంత జోకు ఆయనే వేసి, ఆయనే ఎందుకు నవ్వరు? నేను నవ్వితే చూడలేకపోతున్నారేమో.

ఆయన కోసం కాదని రాసుకున్నాను కదా పైన. అబద్ధం. బెలూన్ గడ్డం ఎవడిక్కావాలి.

జూన్ 24

కొంప మునిగింది.

కిటికీ ఊచకు కట్టిన తోలుపట్టీ మీద కత్తి ఆడిస్తున్నాను. ఫోన్ మోగింది. తల తిప్పాను, చేయి తిప్పాను, వాదర ముందు నడిచింది. పట్టీ నడిమధ్యలో వేలెడంత చీరుకుపోయింది. అది మా మామగారి కాలం నాటి తోలు. మెడ మీది చర్మంలా మెత్తగా ఉంటుంది.

ఆయన నిద్రలో ఉన్నారు. సన్నసూది తీశాను, దారానికి మైనం పట్టించాను, వెనక నుంచి పొడిచి లోపల లోపలే కుట్టాను. చొక్కా కాలరు తిరగేసి కుట్టినా ఇంత ఒద్దికగా ఎప్పుడూ కుట్టలేదు. దారం తెల్లగా కనపడుతుందేమోనని పైన కాస్త బూటు పాలిష్ పూశాను. వేలితో తడిమినా తెలియదు. బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడు.

జూన్ 25

బ్రహ్మదేవుడు పట్టుకోలేకపోవచ్చు. ఈయన పట్టుకున్నారు.

పొద్దున పట్టీ మీద కత్తి ఆడించి ముంజేతి మీద పెడితే గీసుకుంటోంది, కోయడం లేదు. ఏమైందో అర్థం కాలేదు. "ఎక్కడో టక్కుమంటోంది," అన్నారు లోపల్నుంచి. "పట్టీ ఇలా పట్రా."

తీసుకెళ్లి ఇచ్చాను. ముందు వాసన చూశారు. తర్వాత వణికే వేలు పై నుంచి కిందికి పోనిచ్చారు. సరిగ్గా కుట్టు మీద ఆగింది.

"ఇదేమిటి?"

"ఏది?"

"ఇది."

"తెగింది. కుట్టాను. చిరిగితే కుట్టమా?"

"కత్తి దారం మీద ఎక్కి దిగితే పదును ఏం కావాలే?"

"నాకేం తెలుసు? నేను దర్జీదాన్ని."

"పైగా బూటు పాలిష్."

"రంగు కలవొద్దా మరి?"

పట్టీ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగా కుట్టావు," అన్నారు. గొంతులో ఎత్తూ పల్లం లేదు. మొహం చూస్తే మూసిన తలుపు.

అంతే, నాలో ఏదో తెగింది. "వెక్కిరించాలంటే నవ్వుతూ వెక్కిరించండి. తిట్టాలంటే తిట్టండి. మీ నాన్నగారి పట్టీ కోశాను, కాదనను. కానీ ఇలా రాయిలా కూర్చోకండి. నేను ఏం పాపం చేశానని నా మొహం చూసి నవ్వడం మానేశారు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాయను.

వచ్చి మిషన్ ముందు కూర్చుని ఏడ్చాను. ఎవరిదో స్కూలు యూనిఫాం. దాని మీదే ఏడ్చాను.

జూన్ 26

పొద్దున మిషన్ తొక్కుతున్నాను. ఆయన గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తల ఎత్తలేదు.

"మిషన్ ఆపు."

ఆపలేదు.

"సూదీ."

ఆపాను. నా పనిని చూసి పెట్టారో, నా నోటిని చూసి పెట్టారో, పెళ్లైన కొత్తల్లో పెట్టిన పేరు. చలికాలం తర్వాత మళ్లీ ఇప్పుడే విన్నాను.

"నిన్న నేను నవ్వాను," అన్నారు.

"ఎక్కడ?"

"లోపల. బూటు పాలిష్ దగ్గర అయితే మరీను. కడుపు నొప్పి పుట్టింది. నీకు కనపడలేదు."

నాకు అర్థం కాలేదు. స్టూలు లాగి కూర్చోబెట్టాను. నెమ్మదిగా చెప్పారు. ఈ జబ్బుకి చేయి వణకడం ఒకటే కాదట, మొహం కూడా బిగుసుకుపోతుందట. లోపల నవ్వినా బుగ్గలు కదలవట. డాక్టరు చెప్పినప్పుడు నేను కింద మందుల వరసలో నిలబడి ఉన్నాను. నాకు చెప్పొద్దని ఈయనే అన్నారట.

"గడ్డం గీసేటప్పుడు బుగ్గ బిగువుగా ఉండాలని నోరు పక్కకు లాగుతానా? ఆ రోజూ లాగాను. లాగాననుకున్నాను. బుగ్గ మాట వినలేదు, వదులుగానే ఉండిపోయింది. కత్తి దిగింది. వణుకు వల్ల కాదే అది."

"మరి చెప్పరేం?"

"అప్పుడు అద్దంలో నవ్వి చూసుకున్నాను. నువ్వు గుమ్మంలో పాలతన్ని తిడుతున్నావు, నీళ్లలో పాలు కలిపావా అని. నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. అద్దంలో చూస్తే మాత్రం, నిన్ను పట్టించుకోనివాడెవడో నిలబడి ఉన్నాడు. వాణ్ణి నీకు చూపించబుద్ధి కాలేదు. గడ్డం ఉంటే తెలియదులే అనుకున్నాను."

"నా మీద కోపం అనుకున్నాను. ఇన్నాళ్లూ."

"నీ మీద కోపం తెచ్చుకునే ధైర్యం నాకెప్పుడుందే?"

మొహంలోకి చూశాను. ఏమీ లేదు.

"ఇప్పుడు నవ్వుతున్నారా?"

"ఊఁ."

నాకు ఏడుపొచ్చింది. నా మొహం బాగానే పనిచేస్తోంది కాబట్టి అది ఆయనకు కనపడింది.

జూన్ 27

పిచ్చి మనిషి. పిచ్చి మనిషి. పిచ్చి మనిషి.

జూలై 1

గీస్తానన్నాను. వద్దన్నారు. "గడ్డం తీస్తే వాడు మళ్లీ కనపడతాడు."

"కనపడనివ్వండి. వాడితో నేను మాట్లాడుకుంటాను."

గడ్డం నిమురుకున్నారు. చివరికి, "అయితే పెట్టె అడుగున ఉన్న దాంతో గీయి. అది ముందు పూర్తి చెయ్యి," అన్నారు.

తప్పించుకోవడానికి వంక దొరికిందనుకున్నారు కాబోలు. నా సంగతి తెలిసీ.

జూలై 6

కొలబద్ద చెక్కలు రెండూ నున్నగా తీశాను. అంగుళాల గీతలు పోకుండా చూసుకున్నాను. బెజ్జాలు వేయడానికి చెక్కల్ని ఎవరైనా గట్టిగా అదిమి పట్టాలి. ఆయన రెండు అరచేతులూ ఆనించి తన బరువంతా వేశారు. ఆ వణుకు చెక్కలోకి, చెక్కలోంచి నా చేతిలోకి వచ్చింది. ఒక బెజ్జం కాస్త పక్కకు పోయింది.

"పాడుచేశాను," అన్నారు.

"కొలబద్ద నాది, చేయి నాది, మధ్యలో మీ గొప్పేమిటి," అన్నాను.

ఇత్తడి తీగ ముక్కను మేకులా దూర్చి, రెండు వైపులా చిన్న సుత్తితో తల కొట్టాలి. గట్టిగా కొడితే కత్తి తెరుచుకోదు, మెత్తగా కొడితే ఊగులాడుతుంది. "పిట్ట గింజ పొడిచినట్టు కొట్టు," అన్నారు. కొట్టాను. కత్తి మడిస్తే ఒక చెక్కకు రాసుకుంటోంది, ఆ వంకర బెజ్జం వల్ల. మేకు ఊడదీసి, బెజ్జంలో చెక్కపొట్టూ జిగురూ నింపి, ఆరాక మళ్లీ వేశాను. ఈసారి ఆయన పట్టుకోనన్నారు. పట్టుకోవాల్సిందే అన్నాను. వణుకు ఎటు లాగుతుందో ఇప్పుడు నాకు తెలుసు, చేయి అటే కాస్త వంచాను. సూటిగా దిగింది.

కత్తి మడిస్తే మధ్యలోకి పడుకుంది. ఆయన దాన్ని తెరిచి, మూసి, తెరిచి చూశారు. అడగకుండానే, "నవ్వుతున్నాను," అన్నారు.

జూలై 10

కొత్త తోలుపట్టీ తెచ్చుకున్నాను. కుట్టిన పట్టీ పారేయబోతే ఒప్పుకోలేదు. గోడకు మేకు కొట్టించి మరీ తగిలించారు, వచ్చినవాళ్లందరికీ చూపించడానికి.

ఈ కత్తి ఉక్కు మొండిది. సానరాయి మీద ఓ పట్టాన లొంగలేదు. లొంగాక మాత్రం బెలూన్ మీద నురగ తీసి బెలూన్‌ను అలాగే వదిలేసింది. నా రెండు ముంజేతులూ నున్నగా ఉన్నాయి. అమ్మాయి వచ్చి, "అమ్మా, చేతులకేమైంది, ఒళ్లు కాలిందా?" అని హడలిపోయింది. కథంతా చెప్పాను. అది నాన్న పక్కన కూర్చుని చేయి పట్టుకుని చాలాసేపు లేవలేదు.

జూలై 13

గీశాను.

ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. ఇంట్లో వేరే కత్తెర లేక కాదు. నా బట్టల కత్తెర తీశాను. దాంతో ఆయన ఓసారి కాగితం కోశారని వారం రోజులు మాట్లాడలేదు నేను.

"అది నీ బట్టల కత్తెరే కదూ?" అన్నారు.

"నోరు మూసుకోండి."

వేడి నీళ్లలో తువ్వాలు ముంచి పిండి మొహం మీద కప్పాను. నురగ పట్టించాను. చెవి పక్క నుంచి మొదలుపెట్టాను. కుడి చేతిలో కత్తి, ఎడమ చేతి వేళ్లతో బుగ్గను పైకి లాగి పట్టాలి. ఆయన నోరు పక్కకు లాగలేరు కాబట్టి ఆ లాగే పని ఇక నాది. మొదటి గీత గీశాను. సుయ్యిమంది. నురగ వెనక ఆయన చర్మం, తెల్లగా, మెత్తగా. ఎన్నాళ్లయింది.

ఆయన కళ్లు మూసుకున్నారు. రెండో గీత, మూడో గీత. తల వణుకుతుంటే ఆగాను, నిలకడ చిక్కాక గీశాను. దవడ మీద పాత గాటు కనపడింది. దాన్ని తప్పించి చుట్టూ తిరిగాను.

"భయమేస్తోందా?" అన్నారు, పెదాలు కదిపీ కదపకుండా.

"మీకు?"

"నాకెందుకు? తెగినా కనపడకుండా కుడతావుగా. పైన పాలిష్ కూడా పూస్తావు."

అప్పుడు తగిలింది. బుగ్గ ఎముక కింద, నా వేలి కింద, చర్మం లోపల ఏదో సన్నగా లాగింది. మొహంలోకి చూశాను. అదే మొహం, ఏమీ లేదు. వేలు మాత్రం అబద్ధం చెప్పడం లేదు. మళ్లీ లాగింది. కుట్టు దారం బట్ట కింద కదిలినట్టు, అంత కొంచెం.

"ఏమండీ, నవ్వుతున్నారా?"

"ఎప్పట్నుంచో."

కత్తి మడిచి పక్కన పెట్టాను. వేలు తీయలేదు. ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాను. చలికాలం నుంచి బాకీ పడ్డ తిట్లన్నీ తిట్టాను. మొహం సంగతి దాచినందుకు, గడ్డానికి, కొలబద్దకు, సెలూన్ ఆయన్ని వెనక్కి పంపినందుకు. ఒక్కో తిట్టుకీ వేలి కింద కదిలింది. కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ. పాలతని మాట ఎత్తితే అన్నిటికన్నా ఎక్కువ.

నురగ ఆరిపోయింది. మళ్లీ పట్టించి రెండో వైపు గీశాను. ఆయన అద్దం అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

జూలై 14

పొద్దున టీ పెట్టబోతూ ఆయన గడ్డం తడిమి చూశాను. ఒక్క రోజుకి ఏం పెరుగుతుంది, నున్నగానే ఉంది.

అయినా నీళ్లు వేడి పెట్టాను.